వీధికొక మంచం

దర్జీ తాత మనవల్ని ఆఫీసు వ్యాను ఎక్కిస్తుంటే మా వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. పట్టపగలు. పంపు దగ్గర బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. పెద్దపిల్ల తనంతట తానే ఎక్కి కూర్చుంది. చిన్నవాడు మాత్రం తాత మెడ వదల్లేదు. తాత మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుండేది. వాడు దాన్ని రెండు గుప్పిళ్ళతో పట్టుకున్నాడు. ఆఫీసు మనుషులు వాణ్ణి లాగితే టేపు కూడా వాడితోపాటే వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక దాని కొస కాస్త బయటికి వేలాడింది. వ్యాను సందు మలుపు తిరిగేదాకా అందరం ఆ కొసనే చూశాం.

తాత చేసిన నేరం ఏమిటో చెబుతాను. సాయం అడిగాడు.

ఆయన కూతురు జబ్బు చేసి పోయింది. అల్లుడు ఎటు పోయాడో తెలియదు. పిల్లల్ని తెచ్చి తాతకు అప్పజెప్పింది పిల్లల ఆఫీసే. తల్లీతండ్రీ చూడలేని పిల్లల్ని పెంపకానికి ఇవ్వడం ఆ ఆఫీసు పని. పరాయి ఇంట్లో పెడితే ఆ ఇంటివాళ్ళకు నెలనెలా భత్యం ఇస్తుంది. తాతల దగ్గరో, పిన్నమ్మల దగ్గరో, స్నేహితుల దగ్గరో పెడితే ఏమీ ఇవ్వదు. మీ పిల్లలే కదా, మీరే చూసుకోండి అంటుంది. తాత కొన్నాళ్ళు చూసుకున్నాడు. తర్వాత కంటిచూపు తగ్గింది. సూదిలో దారం ఎక్కించడానికి మనవరాలిని పిలిచే స్థితికొచ్చాడు. కుట్టుపని తగ్గి, పొయ్యి మీదికి ఎక్కేదీ తగ్గాక, ఆఫీసుకు వెళ్ళి ఆ భత్యమేదో నాకూ ఇప్పించండి బాబూ అని అడిగాడు. సొంత మనవల్ని పెంచడానికి కూలి కావాలా అని అక్కడి సారు నవ్వాడట. నవ్వేసి, ఈ ముసలాయనకు పిల్లల్ని పోషించే శక్తి లేదని రాసి పైకి పంపాడు. తాత సాయం కోసం ఎదురుచూస్తుంటే వ్యాను వచ్చింది.

పిల్లల్ని వేరే ఊళ్ళో ఎవరింట్లోనో పెట్టారు. తాతకు ఇవ్వని డబ్బు ఆ ఇంటికి ఇస్తున్నారు. ఆ ఇల్లాలిని నేనొక్క మాట అనను. ఆమె కూడా మాలాగా రెక్కాడితే గాని డొక్కాడని మనిషే అయివుంటుంది. అదే పిల్లలు, అదే డబ్బు, తాత ఒక్కణ్ణే మధ్యలోంచి తీసేశారు. దీన్ని మీ చదువుల్లో ఏమంటారో నాకు తెలియదు. నేను దొంగతనం అంటాను.

నేను ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తాను. వార్డుల్లోంచి వచ్చే దుప్పట్లు, రోగుల గౌన్లు, తెరలు అన్నీ మా దగ్గరికే వస్తాయి. మరిగే నీళ్ళలో, సోడా ఘాటులో ఏళ్ళ తరబడి నానిన చేతులు నావి. వేడీ చల్లనా సరిగ్గా తెలియవు. మా చెల్లి కూడా అక్కడే చేసేది, బాయిలర్ పక్కన. ఒకరోజు ఆవిరి గొట్టం పగిలింది. చెల్లిని పై అంతస్తు వార్డుకు మోసుకెళ్ళారు. రెండో రోజు పొద్దున పోయింది. ఆమె మా మనిషే కాదు, అక్కడ ఎందుకుందో మాకు తెలియదు అన్నాడు లాండ్రీ కాంట్రాక్టరు. ఆ వార్డు దుప్పట్లు ఎప్పటిలాగే కిందికొచ్చాయి. నా తొట్టిలోకే వచ్చాయి. ఉతికాను. పిండి ఆరేశాను. ఏడుపు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. అక్క రాయిలా ఉంది అని తోటివాళ్ళు గుసగుసలాడుకోవడం విన్నాను. నిజమే అనిపించింది.

చెల్లికి ఒక కూతురు. ఆరేళ్ళది. దాన్ని అందరం గువ్వ అంటాం. తండ్రి అంతకుముందే లేడు. మీరు తీసుకుంటారా, హోముకు పంపమంటారా అని ఆఫీసువాళ్ళు అడిగితే తీసుకుంటానని వేలిముద్ర వేశాను. అప్పటినుంచి అది నా గదిలో, నా చాప మీద, నా పక్కనే పడుకుంటుంది. నిద్రలో నా కొంగు కొస నోట్లో పెట్టుకుంటుంది. పొద్దున లేచేసరికి ఆ కొస తడిగా ఉంటుంది.

మా వీధిలో ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఎదురింటి కండక్టరు తన స్నేహితుడి కొడుకులిద్దరినీ పెంచుతున్నాడు. రక్తసంబంధం ఏమీ లేదు. ఒకే బస్సు మీద ఒకడు డ్రైవరు, ఒకడు కండక్టరు, అంతే. డ్రైవరు గుండె ఆగి పోతే పిల్లల్ని ఇతను తెచ్చుకున్నాడు. చివరింటి పాలక్క తమ్ముడు జైల్లో ఉన్నాడు. వాడి కూతురు ఆమె దగ్గర ఉంది. పాలక్కది పెద్ద నోరు, అంతకంటే పెద్ద మనసు. కాకపోతే మనసు కనిపించేలోపు నోరు వినిపిస్తుంది.

తాత మనవల్ని తీసుకెళ్ళాక మా అందరికీ ఒక్కటే భయం పట్టుకుంది. సాయం అడగకూడదు. లేదని చెప్పకూడదు. తనిఖీకి ఎవరైనా వస్తే ఇంట్లో అన్నీ ఉన్నట్టు కనిపించాలి. తనిఖీ మేడమ్ వచ్చే ముందురోజు కబురు వస్తుంది. ఆమె ముఖ్యంగా చూసేది పడక. పిల్లకు విడిగా మంచం ఉండాలి, శుభ్రమైన దుప్పటి ఉండాలి అని నియమం. మా గదుల్లో మంచం వేస్తే మనుషులు నిలబడాల్సిందే. అయినా నియమం నియమమే.

అప్పుడు నేనొక మంచం తెచ్చాను. ఆస్పత్రిలో పిల్లల వార్డుది. ఆకుపచ్చ రంగు, రెండు పక్కలా కమ్మీలు, ఒక కోడు వంకర. పాత ఇనుముకు వేయబోతుంటే స్టోరు కీపరు కాళ్ళావేళ్ళా పడి తెచ్చుకున్నాను. గువ్వ కోసమని తెచ్చాను. అది ఒకే ఒక్క రాత్రి దాని మీద పడుకుంది. కమ్మీల మధ్యలోంచి చెయ్యి చాపి, కింద పడుకున్న నా కొంగు పట్టుకునే నిద్రపోయింది. మర్నాడు పొద్దున కండక్టరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. రేపు మాకు తనిఖీ అక్కా, మంచం ఒక్క పూట ఇస్తావా అన్నాడు. తీసుకెళ్ళమన్నాను.

ఆ మంచం మళ్ళీ మా ఇంట్లో కుదురుగా నిలవలేదు. కండక్టరు ఇంటినుంచి పాలక్క ఇంటికి, అక్కణ్ణించి పక్క వరసకు పోయింది. ఎవరికి తనిఖీ అయితే వాళ్ళింట్లో మంచం. వెనక సందులోంచి నలుగురం మోసేవాళ్ళం. వంకర కోడు కింద పెట్టడానికి ఒక చెక్కముక్క ఉండేది. అది కూడా మంచంతోపాటే ప్రయాణం చేసేది. దుప్పటి నాది, అంటే ఆస్పత్రిది, నేను ఉతికి తెచ్చేదాన్ని. ఆ మంచానికి మా వీధిలో ప్రతి గుమ్మం వెడల్పూ తెలుసు. టిక్కెట్టు లేకుండా ఇన్నిసార్లు తిరిగినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు అని కండక్టరు దాని కోడు మీద తట్టేవాడు. నవ్వేవాళ్ళం. ఇది మా తెలివి అనుకున్నాం. ఒకరికొకరం ఆసరా అనుకున్నాం.

పిల్లలకు కూడా నేర్పాం. ఇది ఎవరి మంచం అని అడిగితే నాదే అనాలి. రోజూ ఇక్కడే పడుకుంటావా అంటే ఆ అనాలి. గువ్వ చక్కగా నేర్చుకుంది. తనిఖీ మేడమ్ ముందు మంచం మీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ, నాదే అంది. ఆమె వెళ్ళగానే దిగి, ఇప్పుడు ఎవరింటికి పోతుంది పెద్దమ్మా అని అడిగింది. ప్రతిసారీ అదే అడిగేది.

మంచం తిరుగుతూనే ఉంది, మా ఇళ్ళలో మాత్రం ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. పాలక్క చెవి రింగులు పోయాయి. కండక్టరు డ్యూటీ మీద డ్యూటీ చేసి బస్సులోనే కునుకు తీసేవాడు. నేను పొద్దున తినడం మానేశాను. ఆకలి కూడా పెద్దగా తెలిసేది కాదు. బేకరీ మీద గదిలో అద్దెకుంటూ లా చదివే అమ్మాయి ఒకతి ఉంది. మేం చదువుల పిల్ల అంటాం. వాళ్ళ విద్యార్థి సంఘంలో తిరుగుతుంటుంది. ఇలా నోరు మూసుకుంటే లాభం లేదు, అందరూ కలిసి వెళ్ళి అడుగుదాం అని ఆ పిల్లే అంది. ఒక్కరు అడిగితే వ్యాను వస్తుంది గాని ఇంతమంది అడిగితే ఎలా వస్తుంది అంది. ఒక మధ్యాహ్నం అందరం పిల్లల ఆఫీసుకు వెళ్ళాం.

సారు మమ్మల్ని కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. తనిఖీ కాగితాలు ముందు పెట్టుకుని మమ్మల్ని తెగ మెచ్చుకున్నాడు. మీ వీధి మిగతా ఊరికి ఆదర్శం అన్నాడు.

"ప్రతి ఇంట్లోనూ పిల్లకి విడిగా మంచం. అదీ గట్టి ఇనుప మంచం, కమ్మీలున్నది. దుప్పటి ఆస్పత్రిలోలా తెల్లగా ఉందని రాశారు మా మేడమ్. ఇంత బాగా చూసుకుంటున్నారు. మీకింక సాయం దేనికండీ?"

చదువుల పిల్ల మా మొహాల్లోకి చూసింది. మంచం సంగతి ఆ పిల్లకు అప్పటిదాకా చెప్పలేదు. మేమంతా మా కాళ్ళవంక చూసుకున్నాం. మా పిల్లల్ని కాపాడుకోవడానికి మేం మోసిన మంచమే మాకు అడ్డం పడి ఉంది. మేమే మోశాం. ఒక ఇంటి తర్వాత ఒక ఇంటికి మా నోట్లో మేమే మట్టి కొట్టుకుంటూ వచ్చాం. బయటికొచ్చాక మెట్ల మీద పాలక్క పక్కున నవ్వింది. ఆ నవ్వు ఆపడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఆ ఆదివారం లాండ్రీ వెనక బట్టలారేసే దొడ్డిలో కూర్చున్నాం. చుట్టూ తడి దుప్పట్లు వేలాడుతున్నాయి. గాలికి అవి కదిలినప్పుడల్లా ఒకరి మొహం ఒకరికి కనిపించేది, మళ్ళీ కనిపించేది కాదు. దర్జీ తాత కూడా వచ్చాడు. టేపు పోయాక ఆయన కొత్తది కొనలేదు. జేనలతోనే కొలుస్తున్నాడు. కొలత తప్పుతోందని జనం రావడం కూడా మానేశారు.

చదువుల పిల్ల నిజం చెప్పేద్దాం అంది. పాలక్క మండిపడింది. నీకేం పోయింది, పిల్లలున్నారా జెల్లలున్నారా అంది. తాత నిజమే చెప్పాడు కదా, ఏమైంది అంది. చాలామంది తలలూపారు. లేదంటే పిల్లల్ని తీసుకెళ్తారు, ఉందంటే సాయం ఇవ్వరు, ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఎవరో దుప్పట్ల అవతలనుంచి అన్నారు. ఇంకొకరు అసలు పిల్లల్ని తిరిగి ఇచ్చేద్దామా అన్నారు. ఆ మాటకు ఎవరూ కోప్పడలేదు. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చిన ఆలోచనే అది.

కండక్టరు లేచాడు. మామూలుగా పెద్ద గొంతు అతనిది. ఆ రోజు మెల్లగా మాట్లాడాడు. తాత ఒక్కడే నిజం చెప్పాడు, మనమంతా గుమ్మాల్లో నిలబడ్డాం, అందుకే వ్యాను సాఫీగా వెళ్ళిపోయింది అన్నాడు. పాలక్క అతని మీదకీ లేచింది. నీ రక్తమా ఏమన్నానా, పోతే నువ్వు దులుపుకుపోతావు అంది. అతను ఆమె వైపు తిరిగాడు.

"నా రక్తం కాదక్కా. అందుకే వాళ్ళు పోతే వెనక్కి తెచ్చుకోడానికి నాకు ఏ హక్కూ లేదు. నీకు కనీసం మేనత్తవన్న మాటైనా ఉంది. నాకదీ లేదు."

పాలక్క తల దించుకుంది. కాసేపటికి వెళ్ళి అతని పక్కన కూర్చుంది. అప్పుడు తాత గొంతు సవరించుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన మాట్లాడింది అదొక్కటే.

"నా పిల్లలు పోయారు. మీ పిల్లలింకా ఉన్నారు. ఈసారి వ్యానొస్తే నన్ను ముందు కూర్చోబెట్టండి. నాకింక తీసుకెళ్ళేదేం లేదు."

ఇక మంచం కదపొద్దని తీర్మానం అయింది. తర్వాతి తనిఖీ ఎవరింట్లో జరిగితే వాళ్ళు నిజం చెప్పాలి. ఆ రోజు వీధి మొత్తం తలుపులు బార్లా తెరిచి ఉంచాలి. మేడమ్‌ను ప్రతి ఇంట్లోకీ పిలవాలి. ఎవరూ పనికి పోకూడదు. వరస ప్రకారం తర్వాతి తనిఖీ ఎవరిది అని చూస్తే నాది. అందరూ నా వైపు తిరిగారు. సరే అన్నాను. వాళ్ళు దాన్ని ధైర్యం అనుకున్నారు. కాదు. భయపడాలన్నా లోపల ఏదో ఒకటి కదలాలి. నాలో ఏదీ కదల్లేదు.

ముందురోజు సాయంత్రం గువ్వకు జడ వేస్తూ చెప్పాను. రేపు మేడమ్ అడిగితే మంచం లేదని చెప్పు అన్నాను. అది వెనక్కి తిరిగింది. జడ నా చేతిలోంచి జారింది.

"అప్పుడు నన్ను కూడా వ్యానులో తీసుకెళ్తారా?"

తీసుకెళ్ళరు అని చెబితే అది ఇంకో అబద్ధం. తీసుకెళ్ళడానికి వస్తే వీధంతా అడ్డం నిలబడుతుంది అన్నాను.

"మరి తాత వాళ్ళప్పుడు ఎందుకు నిలబడలేదు?"

జడ మళ్ళీ మొదటినుంచి వేశాను. గట్టిగా వేశానేమో, నొప్పి అంది.

మర్నాడు తనిఖీ మేడమ్ వచ్చింది. చెమటకు తడిసిన జాకెట్టు, భుజాన బరువు సంచి, అరిగిన చెప్పులు. ఆమెకు కూడా పైన ఒక సారు, ఆ సారు పైన ఇంకో సారు ఉంటారు. గదంతా ఒకసారి కలయజూసి, పిల్ల పడక ఏది అని అడిగింది. గోడకు చుట్టిపెట్టిన చాప చూపించాను. పోయినసారి మంచం ఉంది కదా అంది. ఆ మంచం మాది కాదు, వీధిది, మీరు వచ్చినప్పుడల్లా మీకంటే ముందు వచ్చేది అన్నాను. ఆమె కలం ఆగిపోయింది.

"ఇది నేను రాస్తే ఏమవుతుందో నీకు తెలుసా అమ్మా?"

"తెలుసండీ. రాయండి. నా ఇల్లు ఒక్కటే కాదు, అన్నీ రాయండి."

గువ్వ నా చీర కుచ్చిళ్ళ వెనకనుంచి, నేను పెద్దమ్మ పక్కన పడుకుంటా అని చెప్పింది. ఎవరూ అడక్కుండానే చెప్పింది.

మేడమ్ బయటికొచ్చేసరికి వీధిలో అన్ని తలుపులూ తెరిచి ఉన్నాయి. పాలక్క ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేసి లోపలికి తీసుకెళ్ళింది. ఇదిగో ఖాళీ డబ్బాలు, ఇదిగో నా బోడి చెవులు, అన్నీ చూసుకో తల్లీ అంది. కండక్టరు తన పిల్లలు పడుకునే బల్ల చూపించాడు. ఒకరి తర్వాత ఒకరు పిలుస్తూనే ఉన్నారు. ఆమె ప్రతి ఇంట్లోకీ వెళ్ళింది. చివరికి వీధి మధ్యలో పెట్టిన ఆకుపచ్చ మంచం దగ్గరికి వచ్చి ఆగింది. వంకర కోడు వైపు, కింద పెట్టిన చెక్కముక్క వైపు చూసింది. గుర్తుపట్టింది. సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజులకు వ్యాను వచ్చింది. వెనక పోలీసు జీపు. నా ఒక్కదాని ఇంటికే వచ్చారు. అందరి మీదికీ ఒకేసారి రారు, ఒకరిని పట్టుకెళ్తే మిగతావాళ్ళు దారికొస్తారు అని చదువుల పిల్ల ముందే చెప్పింది. వ్యాను సందు మలుపు తిరగ్గానే మంచం అడ్డంగా పడింది. దాని మీద దర్జీ తాత కూర్చున్నాడు. ఆయన వెనక కండక్టరు, ఆ వెనక పాలక్క, ఆ వెనక లాండ్రీవాళ్ళు, బేకరీ పనివాళ్ళు, చదువుల పిల్ల స్నేహితులు నిలబడ్డారు. ఈసారి గుమ్మాల్లో ఎవరూ లేరు. నేను గువ్వను ఎత్తుకుని అందరి మధ్యలో ఉన్నాను. చేతులు చుట్టేసి ఉన్నాయని తెలుసు గాని వాటి పట్టు నాకు తెలియడం లేదు. గట్టిగా పట్టుకో అని పక్కనున్న మనిషి చెబుతూనే ఉంది.

ఎస్సై తాతను లెమ్మన్నాడు. తాత లేవలేదు. పిల్ల క్షేమం కోసమే వచ్చాం, ప్రభుత్వం పనికి అడ్డం రావద్దు అన్నాడు. పిల్ల క్షేమం ఇంత మందితో ఎందుకొచ్చింది అని కండక్టరు అడిగాడు. మొదటి దెబ్బ అతనికే పడింది. తర్వాత అన్నీ కలిసిపోయాయి. లాఠీలు, కేకలు, ఎవరిదో చెప్పు. తాతను లేపలేక మంచంతో సహా ఎత్తారు. కమ్మీలు పట్టుకుని కూర్చున్న ముసలివాణ్ణి అలాగే జీపు దాకా మోసుకెళ్ళారు. కండక్టరును కాలర్ పట్టి ఈడ్చారు. మంచాన్ని కూడా జీపు మీదికెక్కించి కట్టేశారు, దారికి అడ్డం పెట్టిన నేరానికి.

కానీ వ్యాను ముందుకు రాలేదు. మంచం తీసేసిన చోట జనం కూర్చున్నారు. డ్రైవరు ఇంజను ఆపేసి, నేను మనుషుల మీదనుంచి నడపను సారూ అన్నాడు. ఎస్సై తిట్టాడు. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. చివరికి వ్యాను వెనక్కి వెనక్కి పోయి మలుపులో మాయమైంది. ఖాళీగానే పోయింది. గువ్వ నా భుజం మీదనుంచి దాన్ని చూసింది. నిలబడ్డారు అని మెల్లగా నా చెవిలో అంది.

మర్నాడు లాండ్రీలో తొట్లు నిండలేదు. బాయిలర్ వెలిగించలేదు. వార్డుల్లోంచి వచ్చిన మూటలు గుమ్మం దగ్గరే గుట్టగా పడి ఉన్నాయి. మా చెల్లిని మా మనిషే కాదన్న కాంట్రాక్టరు ఆ రోజు మా అందరినీ పేరుపేరునా పిలిచాడు. మేం పిల్లల్ని తీసుకుని పిల్లల ఆఫీసుకు నడిచాం. గేటు మూసి ఉంది. గేటు ముందు కూర్చున్నాం. తాతనీ కండక్టరునీ వదలాలి. తాత మనవల్ని తిరిగివ్వాలి. పరాయి ఇంటికి ఇచ్చే భత్యం, పిల్లల్ని పెంచుతున్న ప్రతి ఇంటికీ ఇవ్వాలి. చదువుల పిల్ల నినాదాలు రాసి తెచ్చింది గాని అవి పాలక్క నోటికి పట్టలేదు. ఆమె తన సొంతది మొదలుపెట్టింది.

"పిల్లలు మా దగ్గరే! ఖర్చు మీదే!"

ఎండ ముదిరింది. గేటు తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి మా గొంతులు తగ్గాయి. ఒకరిద్దరు పిల్లలకు తినడానికి ఏదైనా తెస్తామని లేచారు. వాళ్ళు తిరిగి రారేమో అనిపించింది. మేం కొద్దిమందిమే, మా వీధి ఒక్కటే, సాయంత్రానికి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు, రేపు వ్యాను వస్తుంది. ఇదంతా ఎవరి సంగతో ఆలోచిస్తున్నట్టు ఆలోచించాను.

అప్పుడు రోడ్డు చివర ఒక మంచం కనిపించింది.

నలుగురు మోస్తున్నారు. ఇద్దరాడవాళ్ళు, ఒక ముసలాయన, ఒక కుర్రవాడు. చెక్క మంచం, రంగు వెలిసిపోయింది, ఒక పక్క తాడుతో కట్టి ఉంది. మా మంచమేమో అని ముందు అనుకున్నాను. కాదు. ఆ మనుషుల్ని నేనెప్పుడూ చూడలేదు. ఇటుక దుమ్ము పట్టిన జుట్లు. మంచాన్ని మా ముందు దించి, ముందున్నావిడ నడుం పట్టుకుని నిలబడింది.

"మీ మంచం పోలీసులు పట్టుకుపోయారంట కదా. మాది తెచ్చాం. మా బట్టీ కాడ అన్ని గుడిసెలకీ ఇదొక్కటే."

పాలక్క ఆ మంచం పట్టె మీద చెయ్యి వేసి, మీరూనా అంది. ఆవిడ తల ఊపింది.

సాయంత్రం అయ్యేలోపు ఇంకా వచ్చాయి. రైలు పట్టాల అవతలినుంచి ఒక మడత మంచం వచ్చింది. మార్కెట్ హమాలీలు ఒకటి తోపుడుబండి మీద తెచ్చారు. ఒకటి నీలం రంగుది, ఒకటి కొత్తదే గాని మోసి మోసి అంచులు గీసుకుపోయింది. ప్రతిదానికీ మోసిన గుర్తులున్నాయి. ప్రతి మంచం వెనకా ఒక వీధి ఉంది. మేమొక్కళ్ళమే అనుకున్న అబద్ధం ఊరంతా ఆడుతోంది. అందరం ఎవరికి వాళ్ళం వెనక సందుల్లోంచి మోసుకున్నాం. ఆ రోజు మొదటిసారి పెద్ద రోడ్డు మీద మోశాం. గేటు పొడవునా మంచాలు వరసగా నిలబడ్డాయి. మేడ మీద కిటికీలో తనిఖీ మేడమ్ కనిపించింది. ఆ మంచాలన్నిటినీ ఆమె చూసే ఉంటుంది, ఒక్కొక్కదాన్నీ ఎన్నో ఇళ్ళలో.

లోపలినుంచి మనిషి వచ్చాడు. సారు మాట్లాడతారట, ఇద్దరు రండి అన్నాడు. మా ఇద్దరు మీ లాకప్పులో ఉన్నారు, ముందు వాళ్ళని తీసుకురా అంది చదువుల పిల్ల. అతను లోపలికి పోయాడు. మేం కదల్లేదు.

గువ్వ ఇటుకబట్టీవాళ్ళ మంచం చుట్టూ రెండుసార్లు తిరిగి నా దగ్గరికొచ్చింది.

"పెద్దమ్మా, ఈ మంచం ఇప్పుడు ఎవరింటికి పోతుంది?"

"ఎవరింటికీ పోదు. ఇక్కడే ఉంటుంది."

అది నమ్మకం కలగనట్టు కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత చెప్పులు విప్పి, ఇంట్లో పెట్టినట్టే రెండూ పక్కపక్కన మంచం కింద పెట్టింది. ఎక్కి పడుకుంది. చెయ్యి కిందికి చాపి వేళ్ళు ఆడించింది. కొంగు అందించాను. నా చేతికి దాని వేళ్ళు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయని నా చేతికి తెలిసింది.

అప్పుడు ఏడుపు వచ్చింది. చెల్లి పోయాక రానిదంతా వచ్చింది. అక్కడ, రోడ్డు మీద, అంతమంది ముందు కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఊరుకోబెట్టలేదు. నినాదం ఆగలేదు. పాలక్క వచ్చి నా రెక్క పట్టుకుని లేపింది.

"ఏడవ్వే, ఏడు. ఏడుస్తూనే అరవ్వే."

అరిచాను.